మొక్కు తీరని రేకు

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అటక మీది ట్రంకుపెట్టెని కిందికి దించాం. ఇనప పెట్టె. మూత అంచుల వెంట తుప్పు పట్టి, తెరవగానే గచ్చు మీద ఎర్రటి పొడి రాలింది. లోపల నాయనమ్మ పట్టుచీరలు రెండు, తాతయ్య కళ్ళజోడు, పాత పాస్‌బుక్కులు, అడుగున తెల్ల పంచె ముక్కలో చుట్టిన చిన్న మూట. విప్పితే అరచేతిలో పట్టేంత ఉయ్యాల. బొగ్గులా నల్లగా ఉంది. గోటితో గీకితే కింద వెండి కనిపించింది.

చింతపండు తెచ్చి తోముదామని లేచాను. అమ్మ నా చేతిలోంచి తీసేసుకుంది.

"తోమకే. అలాగే ఉండనీ."

ఆ ఉయ్యాల సంగతి నాకు ముక్కలు ముక్కలుగా తెలుసు. నాకంటే ముందు అమ్మకి ఒక కాన్పు. బిడ్డ క్షేమంగా పుడితే వెండి ఉయ్యాల ఇస్తానని నాయనమ్మ ఊరి అమ్మవారికి మొక్కుకుంది. ఐదో నెలలో చలిమిడి పెట్టిన వారానికే కంసాలి చేత చేయించి దాచింది కూడా. ఏడో నెలలో బిడ్డ పోయింది. మూడేళ్ళకి నేను పుట్టాను. అప్పుడు నాయనమ్మ ఇంకో ఉయ్యాల చేయించి, గుళ్ళో ఇచ్చి మొక్కు తీర్చుకుంది. ఉన్నదే ఇవ్వొచ్చుగా అని ఎవరో అంటే, "అది ఆ పిల్లది" అందట.

నేనప్పటికి కొన్ని నెలలుగా ఫ్రీదా కాలో బొమ్మల గురించి చదువుతున్నాను. కనుబొమలు కలిసిన ఆ మొహం మనకి టోట్ బ్యాగుల మీదా, ఫోన్ కవర్ల మీదా తెగ పరిచయం. కానీ ఆమె వేసిన ముఖ్యమైన బొమ్మల్లో చాలావాటికి కింద గుడ్డ లేదు, రేకు ఉంది. మ్యూజియం వివరాల్లో "లోహం మీద తైలవర్ణం" అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. చాలాకాలం నేనూ ఆ ముక్కని దాటి వెళ్ళిపోయాను. ఉయ్యాలని అమ్మ మళ్ళీ మూటగట్టి లోపల పెట్టేసిన రోజు రాత్రి, ఆ ముక్క దగ్గర ఆగాను. ఎందుకు రేకు?

*

లోహం మీద నూనెరంగులు వేయడం ఫ్రీదాతో మొదలైంది కాదు. యూరప్‌లో 16వ శతాబ్దంలోనే ఉంది. 1575 నుంచి 1650 దాకా దానికి మంచి రోజులు. రోమ్‌లో, ఆంట్వెర్ప్‌లో చిత్రకారులు రాగిరేకులు కొనుక్కునేవాళ్ళు. ముద్రణకి బొమ్మలు చెక్కే రాగి పలకలు అప్పటికే బజార్లో దొరుకుతున్నాయి. రేకుని ప్యూమిస్ రాయితో రుద్ది గరుకు చేసి, రంగు పట్టడానికి వెల్లుల్లి రసం రాయాలని ఆ కాలపు చేతిపుస్తకాల్లో కనిపిస్తుంది.

రాగి ఎందుకంటే, గుడ్డకి నేత ఉంటుంది, చెక్కకి ఈనెలుంటాయి. రాగికి ఏమీ ఉండవు. అద్దంలాంటి నునుపు. సన్న కుంచెతో వెంట్రుకవాసి గీత గీసినా నిలబడుతుంది. చెక్క వానాకాలం ఉబ్బి, ఎండాకాలం కుంచించుకుపోతుంది. దాంతో పైనున్న రంగు నెర్రెలిస్తుంది. రాగికి తేమతో ఆ గొడవ లేదు. అందుకే నాలుగు వందల ఏళ్ళ నాటి రాగి చిత్రాలు ఇవాళ్టికీ నిన్న వేసినట్టుంటాయి. ఆడమ్ ఎల్స్‌హైమర్ అనే జర్మన్ చిత్రకారుడు రోమ్‌లో ఉంటూ దాదాపు తన బొమ్మలన్నీ రాగి మీదే వేశాడు. 1609లో వేసిన 'ఈజిప్టుకు పయనం' అడుగుకి కాస్త పైన వెడల్పుండే రేకు. అందులో రాత్రి ఆకాశం, పాలపుంత, చుక్కలు చుక్కలుగా నక్షత్రాలు. గుడ్డ మీదైతే ఆ చుక్కలు నేతలో కలిసిపోయేవి.

అయితే రాగి చావదని కాదు. గీత పడి, రంగు కిందికి తడి చేరిందంటే పచ్చటి చిలుము పుడుతుంది. అది లోపల్నించి రంగుని పైకి నెడుతుంది. లోహం మీద వేసిన ఏ బొమ్మకైనా శత్రువు బయట లేదు, కిందే ఉంది.

ఈ రాగి చిత్రాల అలవాటు స్పానిష్ పాలనతో పాటు మెక్సికో చేరింది. అక్కడి చర్చిలకీ, డబ్బున్న ఇళ్ళకీ రాగి మీద దేవతల బొమ్మలు వేసేవాళ్ళు. 1821లో మెక్సికో స్వతంత్రమైంది. ఆ శతాబ్దంలోనే బ్రిటన్ ఫ్యాక్టరీల తగరపు రేకు చవగ్గా ఓడల్లో దిగడం మొదలైంది. దానితో రాగి కొనలేని వాళ్ళకి కూడా లోహం చేతికొచ్చింది.

తగరపు రేకు అంటే పేరుకే తగరం. లోపల ఇనుము, పైన పల్చటి తగరం పూత. మన బిస్కట్ డబ్బాలు, నూనె డబ్బాలు అవే. దాని మీద మెక్సికన్ పల్లెల్లోని చిత్రకారులు ముందు ఎర్రటి మట్టిరంగు పూసి, ఆరాక బొమ్మ వేసేవాళ్ళు. ఆ ఎర్రమన్ను మన జాజులాంటిదే. గడపలకీ అరుగులకీ పూసే జాజుకి ఆ ఎరుపు ఇనుము తుప్పుతోనే వస్తుంది. అంటే బొమ్మకి అడుగున మొదటి పొరే తుప్పన్నమాట. అది చేత్తో పూసింది. తర్వాత రాబోయేది దానంతటదే వస్తుంది.

ఎలా వస్తుందంటే, మన ఇళ్ళ పైన వేసే జింకు రేకులకి గీత పడ్డా జింకు ముందు తాను తినబడి ఇనుముని కాపాడుతుంది. తగరం దీనికి పూర్తిగా వ్యతిరేకం. పూత నిండుగా ఉన్నంతసేపే కాపాడుతుంది. ఒక్కచోట గీత పడిందంటే, అక్కడ ఇనుము మామూలుకంటే తొందరగా తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న రంగు పొక్కులా లేచి ఊడిపోతుంది. ఈ బొమ్మల్ని మేకు కొట్టి చర్చి గోడకి తగిలించేవాళ్ళు. మేకు దిగిన చోటే పూత చిరిగేది. కాబట్టి దేవుడికి సమర్పించిన రోజే దాని తుప్పు కూడా మొదలయ్యేది.

*

ఆ రేకుల మీద ఏం వేసేవాళ్ళు? ఇళ్ళల్లో పూజకి పెట్టుకునే దేవతల బొమ్మలు ఒక రకం. రెండోది మొక్కు తీర్చుకునే బొమ్మ. దాన్ని ఎక్స్‌వోటో అంటారు.

మొక్కు సంగతి మనకి చెప్పాలా? తలనీలాలు, నిలువుదోపిడీ, పొర్లుదండాలు, చెట్టుకి కట్టే ముడుపు, పిల్లల కోసం కొమ్మకి వేలాడే గుడ్డ ఉయ్యాల. కళ్ళు బాగైతే హుండీలో వెండి కళ్ళు. మెక్సికోలో కూడా లోహంతో చేసిన చిన్న చిన్న కాళ్ళు, చేతులు, గుండెలు చర్చిలో సమర్పిస్తారు. ఇంతవరకూ ఒకటే. తేడా ఎక్కడంటే, మన మొక్కు తీరాక ఏం జరిగిందో ఎక్కడా రాసి ఉండదు. తల గుండు చేయించుకున్న మనిషి ఎందుకు చేయించుకున్నాడో ఆ మనిషికీ దేవుడికీ తెలుసు, అంతే. ఎక్స్‌వోటో మాత్రం మొత్తం చెప్తుంది.

అందులో మూడు భాగాలుంటాయి. మధ్యలో జరిగిన ఆపద: గుర్రం మీంచి పడడం, ఎద్దు కుమ్మడం, పురిటి మంచం, రైలు ప్రమాదం. పైన మబ్బుల్లో ఒక మూల కాపాడిన మాతో, సాధువో. అడుగున ఒక పట్టీలో చేతిరాత: ఫలానా తేదీన, ఫలానా ఊళ్ళో, ఫలానా నాకు ఇలా జరిగితే ఈ తల్లిని తలుచుకున్నాను, గట్టెక్కాను, అందుకు కృతజ్ఞతగా ఈ రేకు. రాతలో అక్షర దోషాలుంటాయి. మంచం పక్క గది కంటే పెద్దగా ఉంటుంది. రక్తం ఉంటే రక్తం దాచరు. వేసినవాడు సంతకం పెట్టడు. ఎందుకంటే ఆ రేకు మీద ముఖ్యమైన పేరు అతనిది కాదు, బతికి బయటపడ్డ మనిషిది. హాలిస్కోలోని సాన్ హువాన్ దె లోస్ లాగోస్, సకతెకాస్‌లోని ప్లతేరోస్ లాంటి క్షేత్రాల్లో ఈ మొక్కుబడులు గోడల నిండా ఉంటాయి.

పేరు తెలిసిన ఒకాయన్ని మాత్రం చెప్పుకోవాలి. ఎర్మెనెహిల్దో బుస్తోస్. 1832లో గ్వానహ్వాతో రాష్ట్రంలో, పురీసిమా దెల్ రింకోన్ అనే ఊళ్ళో పుట్టి, బతుకంతా అక్కడే గడిపాడు. మంచుగడ్డ తినుబండారాలు అమ్మేవాడు, వడ్రంగం చేసేవాడు, అడిగినవాళ్ళకి ఎక్స్‌వోటోలూ ఊరివాళ్ళ మొహాలూ రేకు మీద వేసేవాడు. ఆ మొహాల్లో పొగడ్త ఉండదు. ముడత ముడతే, అలసట అలసటే. 1891లో తన బొమ్మ తానే వేసుకుని, వెనకవైపు రాసుకున్నాడు: తాను ఈ ఊరి ఇండియన్ననీ, చేతనవుతుందో లేదో చూద్దామని వేసుకున్నాననీ. తర్వాతి కాలంలో ఆక్టావియో పాజ్ ఆయన మీద వ్యాసం రాశాడు. బుస్తోస్ 1907లో పోయాడు. అదే సంవత్సరం మెక్సికో నగరం పక్కన కోయొఅకాన్‌లో ఫ్రీదా పుట్టింది.

*

1932లో ఫ్రీదా డెట్రాయిట్‌లో ఉంది. భర్త దియేగో రివేరా అక్కడి ఆర్ట్స్ ఇన్‌స్టిట్యూట్ గోడల మీద పరిశ్రమల కుడ్యచిత్రాలు వేస్తున్నాడు. ఆమె గర్భవతి. ఇక్కడ ఒక విషయం దాచకూడదు. ఆమె కథని "తల్లి కాలేకపోయిన స్త్రీ దుఃఖం" అని ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. నిజానికి ఆ మే నెలలో, ఈ గర్భం ఉంచుకోవాలా వద్దా అని సలహా అడుగుతూ ఆమె తన డాక్టరు స్నేహితుడికి ఉత్తరం రాసింది. 1925లో బస్సు ప్రమాదంలో ఆమె వెన్నెముకా, కటి ఎముకా విరిగాయి. ఆ శరీరం బిడ్డని మోయగలదా అన్న భయం ఉంది. ఉంచుకోవాలని తర్వాత నిర్ణయించుకుంది. జులై 4న హెన్రీ ఫోర్డ్ హాస్పిటల్లో గర్భం పోయింది. పదమూడు రోజులు అక్కడే ఉంది.

హాస్పిటల్లో ఆమె వైద్య పుస్తకాలు అడిగింది, పోయిన బిడ్డ ఎలా ఉండేదో చూసి గీయడానికి. డాక్టర్లు ఒప్పుకోలేదు. దియేగో ఒకటి తెచ్చిచ్చాడు. ఆ తర్వాత వేసిన బొమ్మే 'హెన్రీ ఫోర్డ్ హాస్పిటల్'. లోహం మీద నూనెరంగులు, 30.5 సెంటీమీటర్ల ఎత్తు, 38 వెడల్పు. మన పాత పలక కంటే కాస్త పెద్దది. అదే ఊళ్ళో, ఆ రోజుల్లోనే, దియేగో ఒక పెద్ద గోడ మీద మొక్క దుంపలో ముడుచుకుని పడుకున్న శిశువుని వేశాడు. ఆయనకి హాలు నిండా గోడలున్నాయి. ఆమె ఒళ్ళో పట్టే రేకు తీసుకుంది.

బొమ్మ చూడండి. ఇనప మంచం ఆరుబయట ఉంది. దూరంగా ఫ్యాక్టరీలు. మంచం మీద ఆమె, ఒంటి మీద బట్టల్లేవు, దుప్పటి మీద రక్తం, చెంప మీద ఒక పెద్ద కన్నీటి బొట్టు. చేతిలో ఎర్ర రిబ్బన్లలాంటి దారాలు. వాటి చివర ఆరు వస్తువులు గాల్లో తేలుతున్నాయి: నడుం భాగపు వైద్య నమూనా, మగశిశువు పిండం, నత్త, ఒక యంత్రం, ఆర్కిడ్ పువ్వు, కటి ఎముక. మంచం అంచు మీద తేదీ, హాస్పిటల్ పేరు, ఊరి పేరు.

ఎక్స్‌వోటో లెక్కలన్నీ ఇందులో ఉన్నాయి. ఆపద ఉంది, మంచం ఉంది, తేదీ, ఊరు ఉన్నాయి. లేనివి రెండే. పైన మబ్బుల్లో తల్లి లేదు, ఆ స్థానంలో పోయిన బిడ్డ తేలుతోంది. కింద కృతజ్ఞత లేదు. ఎలా ఉంటుంది? దేనికని?

ఆ సెప్టెంబర్‌లో ఆమె అమ్మ పోయింది. ఆ ఏడాదే 'నా పుట్టుక' వేసింది, మళ్ళీ లోహం మీదే. మంచం మీద కంటున్న స్త్రీ, తల మీద దుప్పటి కప్పేసి ఉంది. బయటికొస్తున్న బిడ్డ తల, కలిసిన కనుబొమలు. మంచం పైన గోడకి దుఃఖమాత పటం. అంటే ఈసారి తల్లి ఉంది, కానీ మబ్బుల్లోంచి దిగి రాలేదు, ఫ్రేములోనే ఉండి ఏడుస్తోంది. బొమ్మ అడుగున కృతజ్ఞత రాయడానికి పట్టీ కూడా శ్రద్ధగా వేసింది. అందులో ఒక్క అక్షరం లేదు.

మొదటిసారి చూసినప్పుడు బొమ్మ పూర్తి చెయ్యకుండా వదిలేసిందేమో అనుకున్నాను. కాదు. ఆ పట్టీ రాయనక్కర లేకపోతే అసలు వేయనక్కరే లేదు. ఇక్కడ ఒక మాట ఉండాల్సింది, లేదు, అని మనకి కనబడాలనే అది ఉంది.

ఎక్స్‌వోటోల గోడని నేను మొదట సంతోషంగానే చూశాను. ఇన్ని వందలమంది గట్టెక్కారు కదా అని. కాసేపటికి ఇంకో లెక్క తట్టింది. ఆ గోడ మీద ఉన్నవాళ్ళంతా బతికినవాళ్ళే. అదే జ్వరంతో, అదే పురిటి మంచం మీద, అదే తల్లిని తలుచుకుని కూడా పోయినవాళ్ళ తరఫున ఎవరూ రేకు తేరు. మొక్కు ఒక షరతు మీద నడుస్తుంది. షరతు తీరకపోతే ఆ కథకి ఆ గోడ మీద చోటే లేదు. ఫ్రీదా చేసిన పని, నాకర్థమైనంతలో, ఆ చోటు లేనివాళ్ళ రేకు వేయడం. 1935లో 'కొన్ని చిన్న గాట్లు' అన్న బొమ్మ వేసింది. ఒకడు ఒక స్త్రీని కత్తితో పొడిచి పొడిచి చంపి, కొన్ని చిన్న గాట్లే కదా పెట్టానన్నాడని వచ్చిన పత్రికా వార్త దానికి ఆధారం. ఇందులోనూ రాతపట్టీ ఉంది, పావురాలు పట్టుకుని ఉన్నాయి. కృతజ్ఞత ఉండాల్సిన ఆ చోట హంతకుడి మాట ఉంది. రక్తపు మరకలు రేకు దాటి ఫ్రేము మీదికి కూడా వచ్చేశాయి.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది తేలికైంది కాదు. పేదల భక్తిని కమ్యూనిస్టు అయిన నగరపు చిత్రకారిణి తన కళకి సరుకుగా వాడుకుందా? ఆమె, దియేగో కలిసి వందల ఎక్స్‌వోటోలు సేకరించారు. కోయొఅకాన్‌లోని నీలి ఇంట్లో ఇప్పటికీ గోడలకి ఉన్నాయి. ఏదో ఒక తల్లి ఏదో ఒక దేవతకి ఇచ్చిన రేకు, ఇంటి అలంకారం ఎలా అయింది? ఈ మోజు ముదిరి తర్వాతి కాలంలో చర్చిల గోడల మీంచి దొంగతనాలు కూడా జరిగాయి. ఈమధ్యే ఇటలీ తన పోలీసులు పట్టుకున్న ఎక్స్‌వోటోల్ని, ఐదువందలకు పైగా, మెక్సికోకి తిరిగిచ్చింది. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేసే జవాబు నా దగ్గర లేదు. కానీ ఒక రేకు గురించి చెప్పగలను.

1925 నాటి తన ప్రమాదాన్ని ఫ్రీదా ఎప్పుడూ నూనెరంగుల్లో వేయలేదు. 1926లో గీసిన పెన్సిల్ బొమ్మ ఒకటుంది, అంతే. 1940ల మొదట్లో ఆమెకి ఒక పాత ఎక్స్‌వోటో దొరికింది. ఎవరిదో తెలీదు. రైలూ బస్సూ గుద్దుకున్నాయి, పట్టాల మీద ఒక అమ్మాయి పడి ఉంది, పైన దుఃఖమాత. అచ్చు తన ప్రమాదంలాగే. ఫ్రీదా కుంచె తీసి బస్సు మీద కోయొఅకాన్ అని రాసింది, ఆ అమ్మాయికి తన కలిసిన కనుబొమలు దిద్దింది. అడుగున రాత మార్చింది: మా అమ్మాయి ఫ్రీదాని కాపాడినందుకు దుఃఖమాతకి కృతజ్ఞతలతో గియెర్మో కాలో, మతిల్దె కాలో అని. అంటే తన తరఫున కాదు, అమ్మానాన్నల పేరు మీద.

'నా పుట్టుక'లో ఖాళీగా వదిలిన పట్టీ, పదేళ్ళ తర్వాత ఇంకెవరిదో రేకు మీద నిండిందని నాకనిపిస్తుంది. ఆమెకి దేవుడి మీద నమ్మకం కుదిరిందని కాదు. కూతురు బతికినందుకు ఆ అమ్మా నాన్నా ఎప్పుడో ఎవరికో చెప్పుకోవాల్సిన మాట ఒకటి బాకీ ఉండిపోయింది. అది తీర్చింది. అలంకారానికి కొనుక్కున్న మనిషి చేసే పనిలా అనిపించదు నాకు.

*

వెండికి పట్టే నలుపు తుప్పు లాంటిది కాదు. ఆక్సిజన్‌తో కాదు, గాలిలోని గంధకంతో వస్తుంది. లోపలికి తినేయదు, పైపైన పల్చటి పొరలా ఉండిపోతుంది. చింతపండుతో తోమితే పది నిమిషాల్లో పోతుంది. తోమిన ప్రతిసారీ ఆ పొరతో పాటు రవ్వంత వెండి కూడా పోతుంది.

నేను పుట్టినందుకు నాయనమ్మ ఇచ్చిన రెండో ఉయ్యాల ఇప్పుడెక్కడుందో మాకెవరికీ తెలీదు. హుండీలో వేసిన వెండిని కరిగిస్తారు, అదీ కరిగే ఉంటుంది. మొక్కు తీరింది కాబట్టి దాని పని అయిపోయింది. ఇవ్వకుండా మిగిలిపోయిందే మిగిలింది.

సంక్రాంతి అయి హైదరాబాద్ వచ్చేముందు అమ్మకి ఫోన్లో 'నా పుట్టుక' చూపించాను. ఇబ్బంది పడుతుందేమో అనుకున్నాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. మొహం మీద దుప్పటి ఎందుకు కప్పారని అడిగింది. వాళ్ళమ్మ పోయిందమ్మా, అన్నాను. కింద ఆ ఖాళీ ఏంటని అడిగింది. మొక్కు తీరితే అక్కడ రాస్తారు, ఈమె రాయలేదు, అన్నాను.

అమ్మ ఫోన్ తిరిగి ఇచ్చేసింది. వంటింట్లోకి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "మీ నాయనమ్మకి రాయడం రాదు. లేకపోతే ఆ పిల్లకి పేరు పెట్టి ఎక్కడో రాసుకునేది" అంది.

పేరు పెట్టారా అని అడిగాను. పెట్టారట. ఇన్నేళ్ళలో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ పేరు ఇక్కడ రాయను. ఒక కాగితం మీద రాసి, పంచె ముక్కలో ఉయ్యాల పక్కన పెట్టి, పెట్టె మూసి అటకెక్కించాం.